పాతబడిన హెచ్‌పీ 200ఎల్‌ఎక్స్ పామ్‌టాప్‌ను బాగుచేసి రోజూ వాడుకోవడం

హ్యూలెట్-ప్యాకర్డ్ సంస్థ 1991లో 95ఎల్‌ఎక్స్‌తో మొదలుపెట్టిన డాస్ పామ్‌టాప్‌ల (డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే, అరచేతిలో పట్టే కంప్యూటర్ల) వరుసలో 1993లో 100ఎల్‌ఎక్స్, 1994లో 200ఎల్‌ఎక్స్ వచ్చాయి. 200ఎల్‌ఎక్స్ తయారీ 1999లో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు ఎవరి చేతికి దొరికినా అది పాతికేళ్లు దాటిన యంత్రమే. ఇంటెల్ 80186 తరగతికి చెందిన ప్రాసెసర్, దాదాపు 8 మెగాహెర్ట్జ్ వేగం, మోడల్‌ను బట్టి 1, 2 లేదా 4 మెగాబైట్ల మెమరీ, 640×200 చుక్కల నలుపు తెలుపు తెర, విద్యుత్తు పోతే చెరిగిపోయే రామ్ చిప్పుల్లో కాక, చెరగని రోమ్‌లోనే నిలిచి ఉండే ఎంఎస్-డాస్ 5.0, రెండు పెన్సిల్ బ్యాటరీలు, సుమారు 300 గ్రాముల బరువు: స్థూలంగా దీని స్వరూపం ఇది. తెర వెనుక వెలుగు లేదు, ఇంటర్నెట్ లేదు, రంగులు లేవు. అయినా ఆన్ మీట నొక్కిన మరుక్షణం నిన్న రాత్రి ఎక్కడ ఆపామో అక్కడే తెరుచుకుంటుంది, బ్యాటరీలు వారాల తరబడి వస్తాయి, రాసినదంతా ఏ కంప్యూటర్‌లోనైనా తెరవగలిగిన మామూలు టెక్స్ట్ ఫైలుగా మిగులుతుంది. వ్యాసాలు, డైరీలు, ఇంటి జమాఖర్చులు రాసుకునేవారికి ఇంతకన్నా నమ్మకమైన చిన్న యంత్రం మరొకటి రాలేదని నా అభిప్రాయం.

ఈ వ్యాసంలో చెప్పేది ప్రదర్శనకు పెట్టుకునే యంత్రం గురించి కాదు, రోజూ పనిచేయించుకునే యంత్రం గురించి. కొత్తదానిలా మెరిపించాలనుకునేవారు పెట్టె విప్పడంతో మొదలుపెడతారు. పనిచేయించాలనుకునేవారు మాత్రం విద్యుత్తుతో మొదలుపెట్టి, పాత సమాచారాన్ని కాపాడి, నిల్వకు కార్డు అమర్చి, ఆ తరువాతే పెట్టె సంగతి చూడాలి. ఈ వరుస తప్పితే బాగున్న యంత్రం కూడా పాడవుతుంది.

కొనేముందు చూడవలసినవి

అమ్మేవారు పంపే ఫొటోల్లో మూత మూసి ఉన్న ఫొటో ఒక్కటే ఉంటే తెరిచి, ఆన్ చేసి తీసిన ఫొటో అడగండి. తెర మీద అడ్డంగానో నిలువుగానో కొన్ని చుక్కల వరుసలు కనబడకుండా పోయి ఉంటే, తెరకూ బోర్డుకూ మధ్య ఉన్న అతుకు వదిలి ఉండవచ్చు. ఇంట్లో చేసుకోగలిగిన మరమ్మతు కాదు కనుక అలాంటిదాన్ని విడిభాగాల ధరకు తప్ప కొనకూడదు. తరువాత మూత కీలు దగ్గర రెండు వైపులా ప్లాస్టిక్ చిట్లిందేమో చూడాలి. ఈ యంత్రాలకు తరచుగా వచ్చే జబ్బు ఇదే. మూత మూసినప్పుడు పట్టి ఉంచే గొళ్లెం, బ్యాటరీ గది తలుపు విరగకుండా ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోవాలి. బ్యాటరీ గది లోపలి ఫొటో తప్పనిసరి. స్ప్రింగుల మీద తెల్లని పొడి గానీ ఆకుపచ్చని కిలుము గానీ కొద్దిగా ఉంటే భయపడనక్కరలేదు, శుభ్రం చేసుకోవచ్చు. గది గోడల వెంబడి మరకలు లోపలికి పాకినట్టు కనిపిస్తే మాత్రం వదిలేయడం మేలు.

ఎంత మెమరీ ఉన్న మోడల్ అనేది కూడా పట్టించుకోవాలి. 1 మెగాబైట్ యంత్రంలో డాస్ ప్రోగ్రాములకూ సీ డ్రైవుకూ (ఫైళ్లు దాచుకునే లోపలి నిల్వకు) కలిపి ఉన్నది అంతే కాబట్టి రెంటినీ ఇరుకుగా సర్దుకోవలసి వస్తుంది. 2 మెగాబైట్లది చాలు, 4 మెగాబైట్లది దొరికితే అదృష్టం. ప్రాసెసర్ వేగాన్ని రెట్టింపు చేసేలా లోపలి క్రిస్టల్ (ఆ వేగాన్ని నిర్ణయించే చిన్న భాగం) మార్చిన యంత్రాలు కూడా అక్కడక్కడ అమ్మకానికి వస్తుంటాయి. ఆ పని పొందికగా చేసి ఉంటే తీసుకోవచ్చు గాని, దాని కోసం వెతకనక్కరలేదు.

బ్యాటరీలు, స్ప్రింగులు

ఇందులో రెండు రకాల బ్యాటరీలు ఉంటాయి. యంత్రాన్ని నడిపేవి రెండు ఏఏ సైజు పెన్సిల్ బ్యాటరీలు. వాటిని మార్చే వేళ మెమరీని నిలిపి ఉంచేది నాణెం ఆకారంలో ఉండే సీఆర్2032. సీ డ్రైవులోని ఫైళ్లన్నీ రామ్ మెమరీలోనే ఉంటాయి గనుక ఈ రెండు రకాలనూ ఒకేసారి తీస్తే అన్నీ పోతాయి. ఆన్ అవుతున్న యంత్రం చేతికి వస్తే దేన్నీ తీయకుండా ముందు పాత సమాచారాన్ని, కింద చెప్పబోయే కార్డు మీదికి కాపీ చేసుకోవాలి. ఆ తరువాత యంత్రాన్ని ఆఫ్ చేసి, పెన్సిల్ బ్యాటరీలు మార్చి, ఆన్ చేసి సరిచూసుకుని, మళ్లీ ఆఫ్ చేసి అప్పుడు సీఆర్2032 మార్చాలి.

ఆన్ కాని యంత్రం వస్తే బ్యాటరీ గదిని ముందు చూడాలి. ఆల్కలైన్ బ్యాటరీ కారినప్పుడు బయటికి వచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం. గాలి తగిలి అది తెల్లని పొడిగా గడ్డకడుతుంది. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని, గదిని కిందికి వంచి పట్టుకుని, ఆ పొడిని మెత్తని టూత్‌బ్రష్‌తో బయటికి దులపండి. నోటితో ఊదకూడదు. దూదిపుల్లను తెల్ల వెనిగర్‌లో ముంచి, వేళ్లతో పిండి, తడిపొడిగా ఉన్నప్పుడు స్ప్రింగు చుట్టలకు అద్దండి. క్షారం మిగిలి ఉన్నచోట సన్నని బుడగలు లేస్తాయి. బుడగలు ఆగేవరకు పుల్లలు మారుస్తూ పోవాలి. వెనిగర్ లేకపోతే వడగట్టిన నిమ్మరసం కూడా పనికి వస్తుంది. ఆ తరువాత బ్యాటరీ దుకాణాల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరొకసారి తుడిచి, ఫ్యాను కింద రాత్రంతా ఆరనివ్వాలి. ఆమ్లం కొంచెమైనా మిగిలితే అది లోహాన్ని మళ్లీ తినడం మొదలుపెడుతుంది కాబట్టి ఈ చివరి రెండు తుడుపులనూ వదిలిపెట్టవద్దు.

స్ప్రింగు మీద నల్లని మచ్చ మిగిలితే పెన్సిల్ రబ్బరు ముక్కను సన్నగా కోసి దానితో రుద్దండి. ఉప్పుకాగితం వాడితే పైనున్న పూత లేచిపోయి, వచ్చే వర్షాకాలానికే తుప్పు పడుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాల్లో ఉండేవారికి ఈ మాట మరీ ముఖ్యం.

ఇప్పుడు ఒకే కంపెనీవి, కొత్తవి, రెండు ఆల్కలైన్ బ్యాటరీలు, ఒక కొత్త సీఆర్2032 వేయండి. వేసేముందు మల్టీమీటర్‌తో కొలిస్తే కొత్త పెన్సిల్ బ్యాటరీ 1.5 వోల్టులకు కాస్త పైన, సీఆర్2032 3 వోల్టులకు పైన చూపాలి. ఆన్ నొక్కినా తెర మీద ఏమీ రాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఆన్ మూడింటినీ కలిపి నొక్కండి. ఇది పూర్తి రీసెట్. రామ్ డిస్కును, అంటే సీ డ్రైవును, చెరిపి కొత్తగా మొదలుపెట్టమంటావా అన్న ప్రశ్న తెర మీద వస్తే, లోపల ఎవరి సమాచారమైనా మిగిలి ఉండవచ్చు అనుకుంటే కాదు అనే జవాబే ఇవ్వాలి. తెర ఖాళీగా ఉన్నా యంత్రం నిజానికి నడుస్తూ ఉండవచ్చు. కాంట్రాస్ట్ పూర్తిగా తగ్గిపోయి ఉన్నప్పుడు అలా జరుగుతుంది. ఆన్ మీటను నొక్కి పట్టి ప్లస్ గుర్తును పదేపదే నొక్కి చూడండి.

ఇంకా కదలిక లేకపోతే 12 వోల్టుల అడాప్టర్‌తో ప్రయత్నించాలి. ఒరిజినల్ అడాప్టర్ కాకపోతే, యంత్రం మీద జాక్ పక్కన ముద్రించిన ధ్రువాల గుర్తునూ అడాప్టర్ మీది గుర్తునూ పోల్చి చూసుకున్నాకే గుచ్చాలి. అడాప్టర్‌తో నడిచి బ్యాటరీలతో నడవకపోతే తప్పు స్ప్రింగులదే, శుభ్రం చేసే పని మళ్లీ చేయాలి. రెంటితోనూ నడవకపోతే అన్ని బ్యాటరీలూ తీసి ఒక రోజంతా పక్కన పెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ లేవని యంత్రాన్ని బోర్డు మరమ్మతు తెలిసినవారికి అప్పగించడమే సరైనది.

ఆన్ అయిన తరువాత, ఆఫ్ చేసి ఉన్నప్పుడు ఎస్కేప్‌ను పట్టుకుని ఆన్ నొక్కితే యంత్రం తనను తాను పరీక్షించుకునే తెర వస్తుంది. అందులోంచి తెరనూ కీబోర్డునూ విడివిడిగా పరీక్షించండి. ప్రతి మీటా స్పందిస్తోందో లేదో ఇక్కడే తేలిపోతుంది.

రోజువారీ వాడకానికి ఆల్కలైన్ కన్నా నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్స్ మంచివి. వాడకుండా ఉంచినా ఛార్జి ఎక్కువకాలం నిలిచే రకం తీసుకోండి. అవి ఆల్కలైన్‌లాగా తరచుగా కారవు, ఖర్చూ తగ్గుతుంది. అయితే వాటి వోల్టేజీ 1.2 మాత్రమే కాబట్టి సెటప్‌లోకి వెళ్లి బ్యాటరీ రకాన్ని నికాడ్‌కు (నికెల్ కాడ్మియంకు) మార్చకపోతే యంత్రం తొందరపడి బ్యాటరీ అయిపోయిందని హెచ్చరిస్తుంది. అడాప్టర్ పెట్టి యంత్రంలోనే ఛార్జి చేసే సదుపాయం ఉన్నా, సెల్స్‌ను బయటి ఛార్జర్‌లో ఛార్జి చేసుకోవడమే నేను సూచిస్తాను. ఆల్కలైన్ సెల్స్ వేసి ఉన్నప్పుడు ఛార్జింగ్ అమరిక పొరపాటున కూడా ఆన్‌లో ఉండకూడదు. ఛార్జి ఎక్కిస్తే అవి కారుతాయి, పగలవచ్చు కూడా.

కార్డు అమర్చడం

ఈ యంత్రాన్ని నేటి కంప్యూటర్లతో కలిపేది దాని పక్కనున్న పీసీఎంసీఐఏ స్లాట్, అంటే పాత ల్యాప్‌టాప్‌లలో ఉండే కార్డులు దూర్చే గాడి. సీరియల్ కేబుల్, ఇన్‌ఫ్రారెడ్ కూడా ఉన్నాయి గాని, పది పిన్నుల ఆ ప్రత్యేక కేబుల్ దొరకడం కష్టం, దొరికినా పని నెమ్మది. కార్డు ఉంటే వాటి అవసరమే రాదు.

కావలసినవి రెండే: ఒక కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు (పాత డిజిటల్ కెమెరాల్లో వాడిన మెమరీ కార్డు), దాన్ని పీసీఎంసీఐఏ స్లాట్‌లో పట్టేలా చేసే అడాప్టర్. అడాప్టర్ కొనేటప్పుడు కార్డ్‌బస్ రకం కాకుండా పాత 16 బిట్ల రకం ఎంచుకోవాలి. కార్డ్‌బస్ కార్డుల కొన మీద చిన్న చిన్న బుడిపెలున్న బంగారు రంగు పట్టీ ఉంటుంది, దాన్ని బట్టి గుర్తుపట్టవచ్చు. అది ఈ స్లాట్‌కు సరిపోదు, బలవంతంగా నెట్టితే లోపలి 68 పిన్నుల్లో ఏదో ఒకటి వంగుతుంది. కొత్త అడాప్టర్‌ను మొదటిసారి పెట్టేముందు టార్చి వేసి స్లాట్‌లోకి చూసి, పిన్నులన్నీ నిటారుగా ఉన్నాయో లేదో గమనించడం మంచి అలవాటు.

కార్డు సైజు విషయంలో పెద్దదే మంచిదనే లెక్క ఇక్కడ చెల్లదు. కార్డు మీద ఫైళ్లను అమర్చే పద్ధతుల్లో డాస్ 5.0 చదవగలిగేది ఫ్యాట్16ను మాత్రమే. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ దానికి తెలియవు. ఫ్యాట్16లో ఒక పార్టిషన్ 2 గిగాబైట్లకు మించదు. అంత పెద్ద పార్టిషన్‌లో నిల్వ ముక్క ఒక్కొక్కటి 32 కిలోబైట్లు ఉంటుంది గనుక, పది పంక్తుల చిన్న ఉత్తరం కూడా 32 కిలోబైట్ల చోటు తింటుంది. ఖాళీ ఎంత ఉందో లెక్కపెట్టుకోవడానికి ఈ నెమ్మదైన ప్రాసెసర్‌కు సమయమూ ఎక్కువ పడుతుంది. 256 మెగాబైట్ల కార్డులో అదే ముక్క 4 కిలోబైట్లకు తగ్గుతుంది. ఒక మనిషి జీవితకాలంలో టైపు చేసే అక్షరాలన్నీ 256 మెగాబైట్లలో హాయిగా ఇముడుతాయి. కాబట్టి 128, 256 లేదా 512 మెగాబైట్ల పాత కార్డునే వెతికి కొనండి. ఫొటో స్టూడియోల దగ్గర, పాత డిజిటల్ కెమెరాలు పక్కన పడేసినవారి దగ్గర ఇవి దొరికే అవకాశం ఎక్కువ.

కార్డును విండోస్ కంప్యూటర్‌కు కార్డ్ రీడర్‌తో తగిలించి, ఫార్మాట్ చేసేటప్పుడు ఫైల్ సిస్టమ్ అన్నచోట ఫ్యాట్32 కాకుండా ఒట్టి ఫ్యాట్ అని ఉన్నది ఎంచుకోండి. కార్డు మీద ఒకే ఒక్క ప్రైమరీ పార్టిషన్ ఉండాలి. తరువాత ఒక చిన్న టెక్స్ట్ ఫైలు అందులో వేసి, పామ్‌టాప్‌లో పెట్టి, ఫైళ్లను చూపే ఫైలర్ అనే ప్రోగ్రాము తెరిచి ఏ (A) డ్రైవుకు వెళ్లండి. కార్డు ఎప్పుడూ ఏ డ్రైవే, లోపలి మెమరీ సీ, రోమ్ డీ. ఫైలు పేరు కనిపించిందంటే దారి తెరుచుకున్నట్టే. అక్కడి నుంచి ఒక ఫైలు మార్చి, తిరిగి కంప్యూటర్‌లో తెరిచి, మార్పు నిలిచిందో లేదో కూడా చూసుకున్న తరువాతే ఆ కార్డును నమ్మాలి.

ఫైళ్ల పేర్లు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడక్షరాలు మించకూడదు. కంప్యూటర్‌లో పొడుగాటి పేరు పెట్టి ఇక్కడికి తెస్తే అది తోక తెగిన రూపంలో కనిపిస్తుంది. సంవత్సరం, నెల, తేదీ అంకెలతో పేర్లు పెట్టుకుంటే సరిగ్గా ఎనిమిది అక్షరాల్లో సరిపోవడమే కాకుండా వరుస కూడా దానంతట అదే కుదురుతుంది.

పాత యజమాని సమాచారం ఉన్న యంత్రమైతే, కార్డు సిద్ధం కాగానే చేయవలసిన మొదటి పని సీ డ్రైవు మొత్తాన్ని ఏ డ్రైవు మీదికి కాపీ చేయడం. అపాయింట్‌మెంట్లు, ఫోన్ నంబర్ల ఫైళ్లు సాధారణంగా సీ డ్రైవులోని ‘_DAT’ అనే ఫోల్డరులో ఉంటాయి. ఆ ప్రోగ్రాములు తెరిచి ఉంటే ఫైళ్లు కాపీ కాకపోవచ్చు గనుక ముందు వాటిని మూసేయాలి. ఇతరుల వ్యక్తిగత వివరాలు దొరికితే వారికి అందజేయడమో చెరిపేయడమో తప్ప మరో మార్గం ఆలోచించకూడదు.

బ్యాటరీ సగానికి పైగా అయిపోయినప్పుడు కార్డు మీద పెద్ద ఫైళ్లు రాయవద్దు. కార్డు మీద రాసే సమయంలో విద్యుత్తు వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ క్షణంలో యంత్రం ఆగిపోతే పోయేది రాస్తున్న ఫైలు ఒక్కటే కాదు, కార్డు మీది ఫైళ్ల పట్టిక కూడా దెబ్బతినవచ్చు.

పెట్టె, కీలు, మీటలు

పెట్టెను తెరవవలసిన కారణం స్పష్టంగా ఉంటే తప్ప తెరవకండి. రెండు అరలను స్క్రూలతో పాటు లోపలి ప్లాస్టిక్ కొక్కేలు కూడా పట్టి ఉంచుతాయి. ముప్పై ఏళ్లకు దగ్గరపడిన ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది కాబట్టి లోపల దుమ్ము దులపాలనే కోరికతో తెరిచినవారికి విరిగిన కొక్కేలు మిగులుతాయి. మీటల మధ్య దుమ్మును మెత్తని పెయింట్ బ్రష్‌తో, జిడ్డును ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన దూదిపుల్లతో తీయవచ్చు. మీటల మీది అక్షరాలను గట్టిగా రుద్దకూడదు. తెర మీది ప్లాస్టిక్‌కు ఆల్కహాల్ తగలనివ్వకుండా, కళ్లజోడు తుడిచే గుడ్డను మంచినీటితో తడిపి పిండి తుడిస్తే సరిపోతుంది.

కీలు దగ్గర సన్నని చీలిక ఉంటే దాన్ని పెరగకుండా ఆపడం ముఖ్యం. చీలికలోకి నిదానంగా గట్టిపడే రెండు ట్యూబుల ఎపాక్సీని గుండుసూది కొనతో అంటించి, అదనంగా వచ్చినదాన్ని వెంటనే తుడిచి, మూతను సగం తెరిచిన స్థితిలో ఒక రోజు కదపకుండా ఉంచాలి. క్షణాల్లో అతికే సూపర్ గ్లూ ఇక్కడ వద్దు. దాని ఆవిరి చుట్టుపక్కల ప్లాస్టిక్ మీద తెల్లని పొరలా పేరుకుంటుంది, పైగా సన్నని ద్రవం కీలు లోపలికి జారి కీలునే బిగించేస్తుంది. ఆ తరువాత మూతను ఒక మూల పట్టుకుని కాకుండా ఎప్పుడూ మధ్యలో పట్టుకుని తెరవడం అలవాటు చేసుకోవాలి.

తెలుగు రాయడం

ఇంతవరకు చెప్పినదంతా నిజానికి దీని కోసమే. ఈ యంత్రానికి తెలుగు లిపి రాదు. కాని 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి, మామూలు ఇంగ్లిషు కీబోర్డు మీది అక్షరాలతోనే తెలుగును పొల్లుపోకుండా రాసే వీలు కల్పించింది. ఈ పామ్‌టాప్ దుకాణాల్లో ఉన్న కాలంలోనే యూజ్‌నెట్ అనే పాత ఇంటర్నెట్ చర్చా వ్యవస్థలోని తెలుగు వేదికలో పద్యాలు, వాదోపవాదాలు ఈ లిప్యంతరీకరణలో నడిచేవి. అప్పటి యంత్రం మీద అప్పటి పద్ధతిలో రాసి, ఇప్పటి యూనికోడ్‌లోకి మార్చుకోవడం ఏ సాఫ్ట్‌వేర్ మార్పూ లేకుండా సాధ్యపడుతుంది.

మెమో అని రాసి ఉన్న మీట నొక్కితే ఎడిటర్ తెరుచుకుంటుంది. ఆర్‌టీఎస్‌లో చిన్నక్షరం, పెద్దక్షరం వేర్వేరు శబ్దాలకు గుర్తులు. చిన్న టీ నొక్కితే త, పెద్ద టీ నొక్కితే ట. చిన్న డీ ద, పెద్ద డీ డ. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. సున్నకు పెద్ద ఎమ్. ‘ఆ’ దీర్ఘం కావాలంటే ఇంగ్లిషు ‘a’ అక్షరాన్ని రెండుసార్లు కొట్టాలి. ఉదాహరణకు ‘పాత పాట’ అని రాయాలంటే మొదటి మాటలో పీ, ఏ, ఏ, చిన్న టీ, ఏ కొట్టి, ఖాళీ వదిలి, రెండో మాటలో పీ, ఏ, ఏ తరువాత షిఫ్ట్‌తో పెద్ద టీ, చివర ఏ కొట్టాలి. షిఫ్ట్ విషయంలో ఈ యంత్రం రాసేవారికి గొప్ప సాయం చేస్తుంది. షిఫ్ట్‌ను నొక్కి వదిలేసి తరువాత అక్షరం నొక్కినా పెద్దక్షరమే పడుతుంది గనుక రెండు బొటనవేళ్లతో టైపు చేసేవారికి పెద్దక్షరాల దగ్గర వేళ్లు మెలిపెట్టవలసిన అవసరం రాదు. రచనలో ఇంగ్లిషు మాటను ఇంగ్లిషులోనే ఉంచాలనుకుంటే దాన్ని రెండు హాష్ గుర్తుల మధ్య పెట్టాలి.

రాసినదాన్ని మెనూలోంచి ఏ డ్రైవు మీద టెక్స్ట్ ఫైలుగా భద్రపరచి, కార్డును కంప్యూటర్‌కు తగిలించి, ఫైలులోని పాఠాన్ని ఇలాంటి రాతను తెలుగు లిపిలోకి మార్చే లేఖిని అనే వెబ్‌పేజీలో అతికిస్తే తెలుగు లిపి ప్రత్యక్షమవుతుంది. మొదట్లో ట-త, ళ-ల తప్పులు చాలా కనిపిస్తాయి. టైపు చేస్తున్నప్పుడు తెర మీద తెలుగు కనిపించదు కాబట్టి వాటిని పట్టుకునే దారి అప్పుడు ఉండదు. అందువల్ల రాసేటప్పుడు వెనక్కి వెళ్లి దిద్దడం మానేసి ముందుకు సాగడమే మంచిది, దిద్దుబాటు లిపి మారిన తరువాత ఒకేసారి చేసుకోవచ్చు. పొడుగు రచనలకు ఈ క్రమం ఎంతో మేలు చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. వాక్యం మీద ఉన్న మనసు అక్షరాల అందం మీదికి పోదు.

వెలుతురు మసకగా ఉంటే ఎఫ్ఎన్ మీటతో స్పేస్ బార్ నొక్కండి, అక్షరాల సైజు మారుతుంది. తెర వెనుక దీపం లేదు కనుక ఇంట్లో కిటికీ పక్కన, లేదా భుజం మీదుగా వెలుతురు పడే చోట కూర్చోవడం ఉత్తమం. ఆరుబయట పగటి వెలుతురులో ఈ తెర ఫోన్ల తెరలకన్నా చక్కగా కనిపిస్తుంది.

లెక్కలు, ప్రోగ్రాములు

రోమ్‌లోనే ఉన్న లోటస్ 1-2-3 రిలీజ్ 2.4 అనే లెక్కల పట్టికల ప్రోగ్రాము దీనికి రెండో ప్రాణం. పాలు, కూరగాయలు, కరెంటు బిల్లు, స్కూలు ఫీజులకు ఒక్కో నిలువు వరుస పెట్టుకుని ఏ రోజుకారోజు నింపుకోవచ్చు. స్లాష్ గుర్తు నొక్కితే మెనూ వస్తుంది. కుడివైపు అంకెల మీటలు విడిగా ఉండడం వల్ల లెక్కలు వేగంగా పడతాయి. డబ్ల్యూకే1 రకంగా భద్రపరిచిన ఫైలును నేటి కంప్యూటర్లలోని లిబ్రె ఆఫీస్ ప్రోగ్రాము ఇప్పటికీ తెరుస్తుంది. అపాయింట్‌మెంట్ పుస్తకాన్ని అలారాల వరకే వాడుకోండి. దాని ఫైళ్లను బయట తెరవడం సులభం కాదు కనుక దాచుకోవలసిన సంగతులు మెమోలోనే ఉండాలి.

మన ఇంజినీరింగ్ కళాశాలల్లో సీ భాష నేర్చుకున్నవారికి టర్బో సీ నీలి తెర బాగా గుర్తుండే ఉంటుంది. అందులో 2.0 వెర్షన్ ఈ యంత్రం మీద నడుస్తుంది. 386 ప్రాసెసర్ కోరే ప్రోగ్రాములు, కలర్ వీజీఏ కోరే ఆటలు నడవవు. పెద్ద ప్రోగ్రాము నడిపేముందు అప్లికేషన్ మేనేజర్‌లోని టెర్మినేట్ ఆల్ ఎంపికతో అంతర్నిర్మిత ప్రోగ్రాములన్నిటినీ ముగిస్తే మెమరీ ఎక్కువ మిగులుతుంది. చిన్న పనికైతే కంట్రోల్ పట్టుకుని 1-2-3 మీట నొక్కితే డాస్ ప్రాంప్ట్ వస్తుంది.

సంరక్షణ

మే నెల ఎండలో విజయవాడలోనో రామగుండంలోనో మూసి ఉంచిన కారులో దీన్ని వదిలేయకూడదు. వేడికి ద్రవస్ఫటిక తెర నల్లబడుతుంది. చల్లబడ్డాక సాధారణంగా మామూలు స్థితికి వస్తుంది గాని, పదేపదే అలా జరిగితే తెర మీది పొరలూ బ్యాటరీలూ రెండూ దెబ్బతింటాయి. వర్షాకాలంలో గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. నెల రోజులకు మించి వాడని పరిస్థితి వస్తే సీ డ్రైవును కార్డు మీదికి కాపీ చేసి, పెన్సిల్ బ్యాటరీలనూ సీఆర్2032నూ రెంటినీ తీసేసి పెట్టండి. మళ్లీ వేసినప్పుడు తేదీ, సమయం సెటప్‌లో సరిచేసుకుని, కార్డు మీద నుంచి ఫైళ్లను తిరిగి సీ డ్రైవుకు తెచ్చుకోవాలి.

రోజూ వాడుతున్నంత కాలం వారానికొకసారి కార్డును కంప్యూటర్‌లో పెట్టి మొత్తం కాపీ చేసుకోండి, ఏడాదికొకసారి సీఆర్2032 మార్చండి. మార్చిన తేదీని ఒక చిన్న కాగితపు పట్టీ మీద రాసి బ్యాటరీ తలుపు లోపలివైపు అంటిస్తే, తరువాత ఈ యంత్రం ఎవరి చేతికి వెళ్లినా వారికి పనికి వస్తుంది.